పది నిమిషాల హాల్టు, పదకొండు చొక్కాలు

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వింటే నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. ఐదు నెలల తర్వాత మా ఆవిణ్ణి చూడ్డానికి పది నిమిషాలు దొరికితే, ఆ పది నిమిషాల్నీ తీసుకెళ్లి వాషింగ్ మెషీన్ పాలు చేశాను. ఎవరైనా పేకాట పాలు చేస్తారు, మందు పాలు చేస్తారు. నేను వాషింగ్ మెషీన్ పాలు చేశానండీ!

మొదట్నించీ చెప్తాను. మా ఆవిడ సుధ బ్యాంకులో ఆఫీసరు. జూన్‌లో ప్రమోషన్ వచ్చింది, దాని వెనకాలే భువనేశ్వర్ ట్రాన్స్‌ఫరూ వచ్చింది. మా అమ్మాయి కాలేజీ హాస్టల్లో ఉంటుంది. నాకేమో బెంజ్ సర్కిల్ దగ్గర టైల్స్ షోరూమ్‌లో ఉద్యోగం. అలా పటమటలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లో చివరికి మిగిలింది ఇద్దరం. నేనూ, వాషింగ్ మెషీనూ.

సుధ వెళ్లేముందు ఫ్రిజ్ గురించి చెప్పలేదు, గ్యాస్ గురించి చెప్పలేదు. గంటసేపు మెషీన్ గురించే చెప్పింది. తర్వాత నమ్మకం కుదరక వాట్సాప్‌లో కూడా రాసి పంపింది. ప్రతి నెలా ఒకటో తారీఖున తలుపు చుట్టూ ఉన్న రబ్బరు తుడవాలి. సబ్బు పొడి వేసే అర బయటికి లాగి కడగాలి. కింద చిన్న మూత తీసి, ముందు సన్న గొట్టంలోంచి నీళ్లు వంచేసి, తర్వాత ఫిల్టర్ విప్పి శుభ్రం చేయాలి. మనది బోరు నీళ్లు కాబట్టి నెలకోసారి ఉప్పు పేరుకున్న తెల్ల పొర పోయే పౌడర్ వేసి టబ్ క్లీన్ పెట్టాలి. టబ్ క్లీన్‌లో బట్టలు వేయకూడదు. ఈ చివరి ముక్క పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టింది.

నేను ప్రతి నెలా ఒకటో తారీఖున ఠంచనుగా మెసేజ్ పెట్టేవాణ్ణి. "డన్" అని. పక్కన ఒక బొటనవేలు బొమ్మ. ఐదు నెలల్లో నేను ఆ మెషీన్‌కి చేసిన సేవ మొత్తం ఆ ఐదు బొటనవేళ్లే.

నవంబర్ నెలాఖర్లో ఒక రోజు ఫోన్ చేసింది. "ఏమండీ, చెన్నైలో ఐదు రోజులు ట్రైనింగ్. ఆదివారం బయల్దేరుతున్నా. ట్రైను విజయవాడ మీంచే వస్తుంది."

"దిగుతావా?" అన్నాను.

"ఎక్కడ దిగనూ? సోమవారం పొద్దున్నే రిపోర్ట్ చేయాలి. సాయంత్రం నాలుగూ ఇరవైకి మన స్టేషన్లో పది నిమిషాలు ఆగుతుందిట."

"పోనీ నేనూ చెన్నై దాకా రానా?"

"వచ్చి? ట్రైనింగ్ హాస్టల్లో మగవాళ్లని రానివ్వరు. ఊరికే టికెట్ దండగ. ప్లాట్‌ఫారం మీదకి రండి చాలు. ఏం తేవద్దు. మీరొస్తే చాలు."

దండగ అనేది నా మాట. ఇరవయ్యేళ్ల కాపురంలో అదొక్కటే నా దగ్గర నేర్చుకుంది, దాన్ని నామీదే వాడింది.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. కాస్త సిగ్గేస్తోంది, అయినా చెప్తాను. సుధకి ముక్కు చాలా షార్ప్. నేను రోజూ షోరూమ్ నుంచి రాగానే దగ్గరికొచ్చి, నా చొక్కా కాలరు పట్టుకుని వాసన చూసేది. "ఇవాళ గోడౌన్‌లో దుమ్ము తిన్నట్టున్నారే", "మళ్లీ ఆ బజ్జీల బండి దగ్గర ఆగారు కదూ" అనేది. నేను విసుక్కునేవాణ్ణి. పోలీసు కుక్కలాగా ఇదేం పని అనేవాణ్ణి కూడా. జూన్ తర్వాత ఏడున్నరకి ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, నా కాలరు పట్టుకునే దిక్కు లేదు. ఒకట్రెండుసార్లు నేనే వంగి వాసన చూసుకున్నాను. ఏం బాగుంటుందండీ, ఎవరి చొక్కా వాళ్లు వాసన చూసుకుంటే?

అందుకని ఆ పది నిమిషాల్లో నాకు కావలసింది ఒక్కటే. సుధ రైలు దిగాలి, దగ్గరికి రావాలి, నా కాలరు పట్టుకోవాలి. అంతే. దానికి చొక్కా శుభ్రంగా ఉండాలి.

చొక్కా సంగతి చూద్దామని ఆదివారం పొద్దున అలమర తీశాను. మూడు రోజులుగా వాయుగుండం, ఒకటే ముసురు. బట్టలు ఆరలేదు. ఆరిన వాటిని ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున ముక్కిన వాసన! ఇంకోటి తీశాను, అదే వాసన. మొత్తం పదకొండు చొక్కాలు, ఆరు ప్యాంట్లు, అన్నిటిదీ ఒకటే కంపు. ఈ కంపుతోనా నేను ఐదు నెలలుగా కస్టమర్లకి బాత్రూమ్ టైల్స్ చూపిస్తున్నదీ!

వంటింటి బాల్కనీలో ఉన్న మెషీన్ తలుపు తీసి తల లోపల పెట్టాను. అప్పుడర్థమైంది కంపు పుట్టిల్లు ఎక్కడో. రబ్బరు మడతల్లో నల్లగా, జిగటగా ఏదో పేరుకుపోయి ఉంది. ఐదు బొటనవేళ్లూ అక్కడే ఉన్నాయి.

సరే, టైమింకా పదే కదా అని నడుం బిగించాను. రబ్బరు తుడిచాను. అర లాగి పాత టూత్‌బ్రష్‌తో తోమాను. మొదటి అరగంట నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను. ఫొటో తీసి సుధకి పెడదామనుకున్నాను గానీ, ఐదుసార్లు "డన్" అన్నవాడు ఆరోసారి ఫొటో పెడితే అనుమానం వస్తుందని ఊరుకున్నాను.

టబ్ క్లీన్ దగ్గరికొచ్చేసరికి నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. అదే తప్పు. రెండు గంటలు మెషీన్ ఖాళీగా తిరగడమేమిటి? కరెంటు దండగ, నీళ్లు దండగ. వేడినీళ్లు ఎలాగూ వస్తాయి, పౌడర్ ఎలాగూ వేస్తాం. అందులోనే బట్టలూ పడేస్తే టబ్బూ శుభ్రం, చొక్కాలూ శుభ్రం! కంపెనీవాళ్లకి ఇంత చిన్న ఐడియా రాలేదంటే ఆశ్చర్యమేసింది. పదకొండు చొక్కాలూ, ఆరు ప్యాంట్లూ, తువ్వాళ్లూ, దుప్పటీ మోకాలితో తోసి మరీ కుక్కాను. పౌడర్ పొట్లం మొత్తం వేశాను. వాసన బాగా రావాలి కదా అని సబ్బు పొడి కూడా రెండు కప్పులు దట్టించాను.

గంటసేపు బాగానే తిరిగింది. అర సందుల్లోంచి నురగ రావడం మొదలైంది. ఏదో మంచికే అనుకున్నాను. తర్వాత పెద్ద మూలుగు మూలిగి ఆగిపోయింది. టీ టీ టీ మని ఒకటే కూత. స్క్రీన్ మీద ఏదో కోడ్. లోపల సగం దాకా నీళ్లు, గాజు తలుపుకి నా చొక్కాలు ఆనుకుని బయటికి చూస్తున్నాయి, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు కిటికీలో జనంలాగా. తలుపు లాగాను, రాదు. లాక్.

టైము ఒంటిగంట.

ఫోన్లో వీడియో పెట్టాను. అందులో ఒకాయన తీరిగ్గా మెషీన్ చరిత్రంతా చెబుతున్నాడు. ముందుకి జరిపాను. నీళ్లు పోవడం లేదంటే కింద ఫిల్టర్ మూసుకుపోయినట్టేనట, దాన్ని విప్పాలిట. సన్న గొట్టంలోంచి ముందు నీళ్లు వంచమన్న ముక్క నేను జరిపేసిన దాంట్లో ఉండిపోయింది. సుధ మెసేజ్‌లో కూడా ఉంది. కానీ అది చదివితే కదా!

బోర్లా పడుకుని ఆ నల్ల మూత పట్టుకుని తిప్పాను. కాస్త కదిలింది. ఇంకాస్త తిప్పాను. ఫట్‌మని ఊడి ఫిల్టర్‌తో సహా చేతిలోకి వచ్చేసింది. దాని వెనకాల నీళ్లు! వేడివేడి, నల్లటి, నురగల నీళ్లు! ప్రకాశం బ్యారేజీ గేట్లు మన మొహం మీదే ఎత్తినట్టు. నా లుంగీ, బనీను, గెడ్డం అన్నీ తడిసిపోయాయి. ఆ గెడ్డం కూడా మూడు రోజుల నాటిది. మెషీన్ పనయ్యాక తీరిగ్గా గీసుకుందామనుకున్నా.

మూత మళ్లీ బిగిద్దామంటే నీళ్ల విసురుకి మర కలవదు. చేత్తో కన్నం మూసి పట్టుకుని కూర్చున్నాను. రెండో చేతిలో ఫిల్టర్ ఉంది. అప్పుడు చూశాను దాన్ని.

ఫిల్టర్ నిండా జుట్టండీ. పొడవాటి వెంట్రుకలు, ఉండలు చుట్టుకుని. మధ్యలో రెండు చీర పిన్నులు, ఒక ఎర్ర రాయి బొట్టు. నా నెత్తి మీద ఉన్నవి ఏ ఫిల్టర్‌నీ మూసేంత లేవు. అవి సుధవే. జూన్ నుంచి అక్కడే ఉన్నాయి. ఇల్లంతా తిరిగినా తన జాడ ఎక్కడా కనిపించడం లేదని రోజూ అనుకునేవాణ్ణి. చీరలు తీసుకెళ్లింది, దువ్వెన తీసుకెళ్లింది, బాత్రూమ్ అద్దానికి అంటించిన బొట్లు నేనే ఒక ఆదివారం తెలివితక్కువగా తుడిచేశాను. ఇదిగో, ఇక్కడుంది! ఆ పిన్ను ఒకటి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుండిపోయాను. నవ్వకండి, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. అంత బెంగ ఉందని నాకే తెలీదు. కన్నం మీద పెట్టిన చెయ్యి ఎప్పుడు తీసేశానో కూడా తెలీదు.

డోర్‌బెల్ మోగితే ఈ లోకంలోకి వచ్చాను. కింద ఫ్లాట్ మస్తాన్ గారు. ఆయనకి గవర్నరుపేటలో ఎలక్ట్రికల్ షాపుంది.

"మురళి గారూ, బయట వాన తగ్గింది. మా బాల్కనీలో మాత్రం పడతందండీ" అన్నారు చాలా మర్యాదగా.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. నీళ్లు బాల్కనీ దాటి, వంటిల్లు దాటి, హాల్లోకి వచ్చి సోఫా కాళ్లు కడుగుతున్నాయి. నేలమీద ఎక్స్‌టెన్షన్ బోర్డుంది. మస్తాన్ గారు "అయ్యయ్యో" అంటూ లోపలికి రెండడుగులు వేశారో లేదో, ఠప్పున కరెంటు పోయింది.

"మంచి పనైంది, ట్రిప్పయింది. లేకపోతే ఇద్దరం పోయేవాళ్లం" అన్నారాయన. మెయిన్ ఆఫ్ చేసి, ఇద్దరం కలిసి చీపుళ్లతో నీళ్లు తోశాం. ఆ పెద్దమనిషి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మా హాలు ఊడ్చాడండీ. ఆయన రుణం ఎప్పుడు తీర్చుకుంటానో!

"మస్తాన్ గారూ, ఒక్కసారి కరెంటు ఇస్తే తలుపు తెరుచుకుంటుంది. నా చొక్కాలన్నీ లోపలే ఉన్నాయి."

"తడి ఆరేదాకా ముట్టుకోనివ్వను. చొక్కాలు రేపైనా వేసుకోవచ్చు, ప్రాణం పోతే రాదు."

"రేపు కాదండీ. ఇవాళ నాలుగూ ఇరవైకి మా సుధ వస్తోంది. పది నిమిషాలే."

ఆయన వాచీ చూసుకున్నారు. మూడూ పది. పరుగున కిందికి వెళ్లి ఇస్త్రీ చేసిన తన తెల్ల చొక్కా తెచ్చారు. వేసుకున్నాను. ఆయన చువ్వలా ఉంటారు, నేనేమో ఇలా ఉంటాను. పై రెండు గుండీలు పట్టాయి, మిగతా ఊరంతా బయటే ఉంది. లోపలికి పీల్చి మూడోది పెట్టబోతే అది ఎగిరిపోయి ఆయన చెంపకి తగిలింది.

దార్లో ఆగి రెడీమేడ్ చొక్కా కొనుక్కోవచ్చుగా అంటారా? అనకండి. షాపుకి వెళ్లడానికి ముందు ఒక చొక్కా కావాలి కదా! తడి లుంగీ, చిరిగిన బనీనుతో బెంజ్ సర్కిల్లో మా షోరూమ్ ఎదురుగా బండి దిగే ధైర్యం నాకు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, అటక మీద పెట్టె. కుర్చీ వేసుకుని దించాను. పైనే ఉంది, మడతపెట్టిన పొడి జత. కర్పూరం వాసన వేస్తోంది. ముక్కిన వాసన లేదు, మురికి లేదు, గుండీలన్నీ పట్టాయి. నల్ల చొక్కా, నల్ల లుంగీ, నల్ల కండువా. రెండేళ్ల క్రితం అయ్యప్ప మాల వేసుకున్నప్పటివి.

"బ్రహ్మాండంగా ఉన్నారు. వెళ్లండి, వెళ్లండి, టైమైపోతంది" అని మస్తాన్ గారు నన్ను లిఫ్టులోకి తోశారు. ఆయనకి తోచలేదంటే అర్థముంది. రెండుసార్లు అయ్యప్ప కొండకి వెళ్లొచ్చినవాణ్ణి, నాకు తోచలేదు చూడండి! నా బుర్రలో ఒకటే ఉంది. చొక్కా దొరికింది, కాలరు శుభ్రంగా ఉంది.

తేడా కొట్టింది బందరు రోడ్డు సిగ్నల్ దగ్గర. పక్కన ఆగిన ఆటో డ్రైవరు నన్ను చూసి చేతులు జోడించి, "స్వామి శరణం" అన్నాడు. అలవాటుకొద్దీ నేనూ "స్వామి శరణం" అన్నాను. అన్నాక గుండె జారింది. కార్తీకమాసం. ఊరినిండా మాలలే. నాకు గెడ్డం కూడా ఉంది. వెనక్కి తిరుగుదామంటే టైము మూడూ యాభై ఐదు.

స్టేషన్ బయట స్వాముల గుంపొకటి ఉంది. అందులో పెద్దాయన నా కాళ్ల వంక చూసి, "ఏం స్వామీ, చెప్పులేమిటి?" అన్నారు. నాకు మాల లేదు స్వామీ, చొక్కాలు లేక వేసుకొచ్చానని అంతమంది ముందు ఎలా చెప్పను? సిగ్గుతో చచ్చి, చెప్పులు బండి పక్కనే వదిలేశాను. వచ్చేసరికి అవి లేవు, అది వేరే కథ.

రైలు టైముకే వచ్చింది. మీకు తెలుసుగా మన స్టేషన్ సంగతి. రైలు ఆగీ ఆగగానే క్యారియర్లు పట్టుకుని చుట్టాలు పరుగెడుతుంటారు. పప్పూ అన్నం అందించి, నాలుగు మాటలు చెప్పి, ఆ పది నిమిషాల్లోనే ఒక పండగ చేసుకుంటారు. సుధ బోగీ నేను నిల్చున్న చోట ఆగలేదు, ఎక్కడో చివర ఆగింది. వట్టి కాళ్లతో, తడి ప్లాట్‌ఫారం మీద, లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాను. రెండు నిమిషాలు అక్కడే పోయాయి.

తలుపు దగ్గర నిలబడి ఉంది. చిక్కిపోయింది. నీలం చీర కట్టుకుంది, నేను కొన్నదే. నా కోసం జనంలోకి చూస్తోంది. నన్ను దాటుకుని చూస్తోంది! "సుధా!" అని అరిచాను. చూసింది. మొహం వెలిగిపోయింది. గబగబా దిగి నాలుగడుగులు వేసి, సరిగ్గా చెయ్యెడు దూరంలో టక్కున ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ముందుకి చాపబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ జోడించింది.

"స్వామి శరణం" అంది. గొంతులో ఏడుపుంది. "నాకొక్క మాటైనా చెప్పలేదేం? మొన్న ఫోన్లో కూడా చెప్పలేదు. ఇవాళ వస్తున్నానని తెలుసు కదా."

"అయ్యో, అది కాదే. మాల లేదు. మెషీన్..."

"ఏ మెషీన్?"

ఇంతలో వెనక నుంచి ఒక పెద్దావిడ రైలు దిగింది. డెబ్బై ఏళ్లుంటాయి. "ఎవరమ్మా, మీ ఆయనా? స్వామే! ఎంత అదృష్టం!" అంటూ వంగి నా పాదాలకి దణ్ణం పెట్టేసింది. నేను వెనక్కి జరిగితే ఆవిడా ముందుకి జరిగింది. సుధ సీటుకి ఎదుటి సీటట. పెద్ద వయసువాళ్లు ముట్టుకోవచ్చట. ఐదు నెలలుగా నేను ఎదురుచూసిన మనిషి దూరంగా నిలబడింది, ఎవరో తెలియని ఆవిడ నా కాళ్లు పట్టుకుంది.

"ఎన్నో మాల స్వామీ?"

"రెండు... అంటే ఇదివరకు రెండు..."

"ఇది మూడోదన్నమాట! మా మనవడికి పచ్చకామెర్లొస్తే కొండకి మొక్కానయ్యా. వాడికి తగ్గింది. నా మోకాళ్లతో నేనెక్కడ ఎక్కనూ." మనవడికి కామెర్లు ఎప్పుడొచ్చాయో, ఏ డాక్టరు ఏమన్నాడో, పసరు మందు ఎవరిచ్చారో అంతా చెప్పింది. నాలుగు నిమిషాలు. నేను ఆవిడ మీదుగా సుధనే చూస్తున్నాను. సుధ నన్నే చూస్తోంది. కంటి కింద కొత్తగా చిన్న నల్లచార వచ్చింది. నిద్ర సరిగ్గా పోవడం లేదా అని అడగాలి. ఒడియా వంట పడుతోందా అని అడగాలి. రోజూ ఫోన్లో అడిగేవే, ఎదురుగా నిలబడి అడిగితే వేరు కదా.

ఆవిడ సంచీ తెచ్చుకుంటానని లోపలికెళ్లింది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "సుధా, ఐదు నెలల్నించీ మెషీన్ ఒక్కసారి కూడా క్లీన్ చేయలేదు. డన్ అన్నవన్నీ అబద్ధాలే. ఇవాళ నువ్వొస్తున్నావని చేశా. టబ్ క్లీన్‌లో బట్టలేశా. ఫిల్టర్ ఊడింది, ఇల్లు మునిగింది, చొక్కాలన్నీ లోపల ఇరుక్కున్నాయి. ఇది పాత జత. ఇదిగో చూడు, మెళ్లో మాల లేదు!" అని పై గుండీ విప్పి చూపించాను.

సుధ నోరు తెరుచుకుని చూసింది. ఒక సెకను. తర్వాత నవ్వడం మొదలెట్టిందండీ! బోగీకి చెయ్యి ఆనించి, పొట్ట పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా. "బట్టలు వేయకూడదని మూడు పెట్టాను కదండీ!" అంటుంది, మళ్లీ నవ్వుతుంది. ఐదు నెలలైంది ఆ నవ్వు ఎదురుగా విని. ఇంకా ఇంకా నవ్వితే బాగుండుననిపించింది. దాంట్లో రెండు నిమిషాలు పోయాయి.

రైలు కూత వేసింది.

"ఎక్కండి ఎక్కండి" అని ఎవరో అరిచారు. సుధ గబుక్కున ఎక్కి తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి నా వైపు చాపింది. "ఇటు రండి, కాలరేదీ!" అంది. నేను రెండు చేతులూ చాచాను.

ఆ రెండు చేతుల్లోకి, మధ్యలోంచి, పెద్దావిడ పసుపు గుడ్డలో కట్టిన ముడుపు పెట్టేసింది. "స్వామీ, నా మొక్కు. కొండ మీద మీ చేత్తో సమర్పించండి. అమ్మా, నువ్వు స్వామిని ముట్టుకోకు తల్లీ, తప్పు" అని సుధ చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసింది. బండి కదిలింది. ముడుపు వదిలేస్తే కింద పడుతుంది, పట్టుకుంటే చేతులు ఖాళీ లేవు. అలా పట్టుకునే ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తాను. సుధ తలుపులోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. నాకు ఊపడానికి కూడా చెయ్యి లేదు.

ఇంటికొచ్చాక ఫిల్టర్ పక్కన చూస్తే చిన్న నారింజరంగు తాడు కనిపించింది. తలుపు ఇరుక్కుంటే లాగేందుకట. లాగాను. క్లిక్‌మని తెరుచుకుంది. చొక్కాలు ఘుమఘుమలాడిపోతున్నాయి.

మర్నాడు పొద్దున్నే ముడుపు పట్టుకుని మా దగ్గర్లో ఉన్న అయ్యప్ప గుడికి వెళ్లాను. నాకు మాల వేసిన గురుస్వామి ఉన్నారు. జరిగిందంతా చెప్పి లెంపలేసుకుని, దీన్ని కొండకి వెళ్లే ఎవరితోనైనా పంపించండని బతిమాలాను. ఆయన మీసాల కింద నవ్వుతున్నారేమోనని నాకనుమానం.

"నల్లబట్టలు కట్టావు. చెప్పులు వదిలావు. దణ్ణాలు అందుకున్నావు. మీ చేత్తో ఇవ్వమని ఆవిడ నీ చేతికే ముడుపిచ్చింది. ఇంక మిగిలింది మాల ఒక్కటే కదా నాయనా" అన్నారు.

కాదనలేకపోయాను. ఆ పెద్దావిడ వంగి దణ్ణం పెట్టడం కళ్లముందు కదులుతోంది. తలస్నానం చేసొచ్చి మాల వేయించుకున్నాను. నలభై ఒక్క రోజులు. సాయంత్రం సుధ ఫోన్ ఎత్తగానే చెప్దామనుకున్నాను.

తనే ముందు చేసింది. అంత హుషారుగా మాట్లాడి ఎన్నాళ్లైందో. "ఏమండీ, నిన్న చెన్నై దాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత నిద్ర పట్టలేదు. మీ మొహం కూడా సరిగ్గా చూడలేదనిపించింది. పొద్దున్నే మా మేనేజర్‌కి ఫోన్ చేసి గట్టిగా అడిగేశా. సెలవిచ్చారు! ట్రైనింగ్ అవగానే శుక్రవారం బయల్దేరి వచ్చేస్తున్నా. మూడు రోజులు. పూర్తిగా మూడు రోజులండీ! ఈసారి మధ్యలో ఏ పెద్దావిడా ఉండదు."

నేను మెళ్లో మాల పట్టుకుని చూసుకున్నాను.

"ఏమండీ, ఉన్నారా?"

"సుధా, ఈసారి మాల నిజమే."

కట్టయిందేమోనని ఫోన్ చూశాను. సెకన్లు తిరుగుతూనే ఉన్నాయి.

"ఎన్ని రోజులు?" అంది చివరికి.

"నలభై ఒకటి. ఇవాళ మొదటిది."

తర్వాత మెల్లగా అంది. "టికెట్ క్యాన్సిల్ చేయను. వస్తాను. హాల్లో ఆ మూల మీరు కూర్చోండి, ఈ మూల నేను కూర్చుంటాను. మూడు రోజులూ చూసుకుంటూ కూర్చుందాం. చూసుకోడానికి దీక్ష అడ్డం రాదుగా?"

"రాదు."

"మరైతే ఉంటాను స్వామీ" అని పెట్టేసింది.

రెండుసార్లు కొండ ఎక్కాను, దారి పొడుగునా శరణుఘోష చేశాను. కానీ ఆ సాయంత్రం ఫోన్ పట్టుకుని "స్వామియే శరణమయ్యప్పా" అన్నాను చూడండి, అంత కడుపులోంచి నాకెప్పుడూ రాలేదు.